సంతకం పడని ఉత్తరం

ఆ మంగళవారం పొద్దున శేఖర్ అనుకున్న పని చాలా చిన్నది. పదింటికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే కోచింగ్ సెంటర్‌కు వెళ్లాలి, యజమాని గంగాధరరావు దగ్గర ఒక సిఫారసు ఉత్తరం తీసుకోవాలి, నాలుగింటికి ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూకు అందుకోవాలి. కోచింగ్ సెంటర్ ఆఫీసులో ఆరేళ్లుగా అతనికి ఒక్క ఆదివారమూ సెలవు లేదు. నాలుగేళ్ల కూతురు వారాల పేర్లు అప్పజెబుతూ, ఆదివారం దగ్గరికి రాగానే "నాన్న ఉండని రోజు" అంటుంది. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఆదివారం సెలవు.

గంగాధరరావు లెక్కల మాస్టారు. "నాకు రాయడం రాదయ్యా. నువ్వే రాసుకొచ్చెయ్, సంతకం పెట్టి స్టాంపు వేస్తాను" అన్నాడు.

శేఖర్ గంటసేపు కూర్చుని "నేను" అని రాసి, కొట్టేశాడు. టీ ఇవ్వడానికి వచ్చిన అటెండరు అంతయ్య ఆ కాగితం వైపు చూశాడు.

"ఏంది సారూ, గిట్ల పరేషాన్ అయితున్నవ్?"

సంగతి విని, "గింతేనా? జర జరుగు, నేన్ రాస్త" అన్నాడు. పందొమ్మిదేళ్లుగా టీ ట్రే తప్ప ఆయన చేతిలో మరొకటి ఎవరూ చూడలేదు. ఆయన పావుగంటలో పేజీ నింపి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు.

శేఖర్ చదివాడు. "ఒకరోజు కౌంటర్ దగ్గర ఒక తండ్రి ఏడుస్తుంటే ఈయన తన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తాను నిలబడి దరఖాస్తు నింపాడు. ఆ గదిలో రెండో కుర్చీ లేదు. వానకు తడిసిన పిల్లల సర్టిఫికెట్లను ఒక్కొక్కటే ఫ్యాను కింద ఆరబెట్టి ఇచ్చాడు. చేసింది గుర్తుపెట్టుకోవడం ఈయనకు రాదు. అందుకని మేము గుర్తుపెట్టుకున్నాము."

ఈ మనిషి తనేనా అని పైన పేరు మళ్లీ చూసుకున్నాడు.

గంగాధరరావు దాన్ని పైకే చదివాడు. కుర్చీ గురించిన వాక్యాన్ని రెండోసారి చదివాడు. విప్పిన పెన్నుకు మళ్లీ మూత పెట్టాడు.

"ఇలాంటివాణ్ని వదులుకోడానికి నాకేమైనా పిచ్చా? సంతకం పెట్టను."

"సార్, మీరే గద రాసుకొని రమ్మన్నరు!"

"నువ్వింత మంచివాడివని తెలీక అన్నానయ్యా!"

ఈ మాటలు వరండాలోకి వినబడ్డాయి. ముందు ఫిజిక్స్ టీచరు మృదుల వచ్చింది. "అంతయ్యగారూ, ఊరికే చదువుకోడానికి, నాకూ ఒకటి రాసిపెట్టరూ?" అంది. ఆ ఆఫీసులో ఆయన్ను 'గారు' అనడం అదే మొదలు. మధ్యాహ్నానికి టీ గది ముందు తొమ్మిదిమంది వరుస కట్టారు. క్లాసుల్లో పిల్లలే పిల్లలకు పాఠం చెప్పుకుంటున్నారు. తప్పు జవాబు చెప్పినవాణ్ని చూసి క్లాసులో ఎవరినీ నవ్వనివ్వని టీచరని తన గురించి చదువుకుని, మృదుల మెట్ల మీదే కూలబడి కళ్లు తుడుచుకుంది. ఎవరి గొప్పతనం వాళ్లకు తెలిసొచ్చాక అందరూ సంతకం కోసం గంగాధరరావు మీద పడ్డారు. ఆయన తొమ్మిదీ చదివి, చెమటలు కక్కుతూ స్టాంపును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇంతమంది మహానుభావులు నా దగ్గర పనిచేస్తున్నారని ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేం!"

మూడయింది. సంతకం లేని కాగితం పట్టుకుని దిగాలుగా నిలబడ్డ శేఖర్ భుజం మీద అంతయ్య చెయ్యి వేశాడు. "రాసినోన్ని నేనున్న గద! నేనే ఒచ్చి చెప్త, పా." ఇద్దరూ మెట్రో ఎక్కారు.

ఆసుపత్రి మేనేజరు ఉదయలక్ష్మి ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"సంతకం లేని ఉత్తరం మేము తీసుకోకూడదండీ" అని, "ఇంతకీ ఇది రాసిందెవరు?" అని అడిగింది.

తలుపు దగ్గర అంతయ్య చెయ్యెత్తాడు.

"మా పేషెంట్ల ఇళ్లవాళ్లు కోపంగా ఉత్తరాలు రాస్తుంటారు. వాళ్ల మనసు కుదుటపడేలా జవాబు రాసే మనిషి కోసం ఆర్నెల్లుగా వెతుకుతున్నాం. మీరొస్తారా?"

అంతయ్య కొంచెం ఆలోచించాడు. "ఐతారం సెలవుంటదా అమ్మా?"

ఉంటుందంది.

తిరుగు మెట్రోలో శేఖర్‌కు కోపం రాలేదు. పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "యాడ నేర్చినవ్ అంతయ్యన్నా?"

"మా ఊర్ల సదువు రానోళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేటోన్ని. ఆళ్లు చెప్పేది ఇనాలె, చెప్పంది గూడ ఇనాలె. గంతే."

సెంటర్ గేటు దగ్గరే గంగాధరరావు ఎదురుచూస్తున్నాడు. శేఖర్ నోరు విప్పబోయాడు. "వద్దు, చెప్పొద్దు! ఆదివారాలు సెలవిచ్చేస్తాను, ఉండిపో" అన్నాడాయన. శేఖర్ నోరు మూసుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అంతయ్య చేరాలంటే, తోటి ఉద్యోగి ఎవరైనా ఆయన గురించి ఒక ఉత్తరం రాసివ్వాలట. శేఖర్ రెండు రోజులు ఆలోచించి, నాలుగు కాగితాలు చించి, మూడో రోజు రాశాడు: "అంతయ్య మంచివాడు."