గోడల్లేని ప్రభుత్వం

"ఇకమీదట ఈ ప్రభుత్వానికి గోడలుండవు" అని మంత్రిగారు ప్రకటించారు.

ఆయన పరిపాలనా సంస్కరణల మంత్రి. ప్రకటించిన చోటు నగరం నడిబొడ్డున ఉన్న పార్కు. అక్కడొక సిమెంటు బల్ల మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, పదకొండు నిమిషాలపాటు ఏకధాటిగా పనిచేసి చూపించారు. మూత తెరవకుండానే అంత పని జరగడం నేను కళ్ళారా చూశాను. ఫోటోగ్రాఫర్లు కూడా చూశారు.

"ప్రపంచమంతా కెఫేల్లో కూర్చుని హాయిగా పనిచేస్తుంటే, మన ఉద్యోగులు మాత్రం బీరువాల మధ్య మగ్గిపోవాలా?" అని మంత్రిగారు గద్గదస్వరంతో అడిగారు.

"వద్దు, వద్దు" అని ముందు వరసలో కూర్చున్న ఉద్యోగులు అరిచారు.

"ఉద్యోగి ఎక్కడ కూర్చుంటే అదే ఆఫీసు. ప్రజల మధ్యకే ప్రభుత్వం!"

చప్పట్లు మోగాయి. ఏడు నెలలుగా నా చేతులకి వేరే పని లేదు కాబట్టి అందరికన్నా ఎక్కువసేపు నేనే కొట్టాను. మర్నాటికల్లా నాలుగంతస్తుల సర్కారు భవనం ఖాళీ అయిపోయింది. ప్రభుత్వంలో ఒక పని ఒక్క రోజులో పూర్తికావడం అదే మొదటిసారని పెద్దలు చెబుతున్నారు.

ఇక్కడ నా సొంత గొడవ కొంచెం చెప్పుకోవాలి. సరిగ్గా ఆ వారమే నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లోనే కూర్చుని చేసే పని. నెలాఖరు సాయంత్రం ఐదింటిలోగా ప్రభుత్వం ఇచ్చిన నివాస ధ్రువపత్రం పంపాలి, లేకపోతే జాబితాలో నా తర్వాతివాడికి ఇచ్చేస్తామన్నారు. ఇంటి నుంచి పనిచేసేవాడికి ఇల్లంటూ ఉందని రుజువు కావాలి కదా, వాళ్ళ తప్పేం లేదు. మా ఆవిడ బళ్ళో టీచరు, ట్యూషన్లు కూడా ముగించుకుని ఆరింటికి ఇంటికొస్తుంది. ఈ ఏడు నెలలూ ఇల్లు తనే లాక్కొచ్చింది. ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది, నాకు అంత సిగ్గేసేది కాదు. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత వచ్చి, తను పరీక్ష పేపర్లు దిద్దుకునే టేబుల్ ఖాళీ చేసి, కిటికీ పక్కకి జరిపి, "ఇది మీది" అంది.

మర్నాడు ఎనిమిదింటికి మా ఆవిడ బడికి, నేను సర్టిఫికెట్‌కి బయల్దేరాం. పాత అలవాటు కొద్దీ సర్కారు భవనానికే వెళ్ళాను. అది అప్పటికే పెద్ద కెఫే అయిపోయింది. సర్టిఫికెట్లిచ్చే నాలుగో నంబరు కిటికీలో ఇప్పుడు కాఫీ ఇస్తున్నారు.

"ఫారం ఏమైనా నింపాలామ్మా?" అని అడిగాను కిటికీలోని అమ్మాయిని.

"అక్కర్లేదండీ. చక్కెర వేయమంటారా?"

మూడు నిమిషాల్లో కప్పు చేతికొచ్చింది. ఆ కిటికీలోంచి మూడు నిమిషాల్లో ఏదైనా బయటికి రావడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్ళు చెమర్చాయి.

"సర్టిఫికెట్ల ఆఫీసరుగారు ఎక్కడ కూర్చుంటున్నారు?"

"ఇక్కడ మాత్రం కూర్చోరండీ. ఆఫీసులో కూర్చుంటే రిమోట్ వర్క్ ఎలా అవుతుందని సర్క్యులర్ వచ్చిందట."

మా బావమరిదిని పట్టుకున్నాను. అధికార పార్టీలో వార్డు స్థాయి కార్యకర్త, ఇప్పుడు అనువైన స్థలాల అన్వేషణ సంఘంలో సభ్యుడు కూడా. మొత్తం పధ్నాలుగు మంది టేపులు పట్టుకుని ఊరంతా తిరిగి, ఏ కెఫే బాగుంది, ఏ పార్కు బాగుంది అని మార్కులు వేస్తున్నారు. వాడు ఫారం చూపించాడు. వైఫై, ప్లగ్ పాయింట్లు, ఫ్యాను, కుర్చీకి వీపు ఉందా లేదా, బాత్రూము. చివరి గడిలో 'జనం బెడద' అని ఉంది.

"ఇదేంట్రా?"

"పబ్లిక్ ప్లేస్ అన్నాక పబ్లిక్ వస్తారు కదా బావా. వచ్చి పనులు చెబుతారు. వాళ్ళు పనులు చెబుతుంటే మావాళ్ళు పనెప్పుడు చేసుకుంటారు?"

ఇంత లోతుగా ఆలోచించే ప్రభుత్వం మనకి దొరికినందుకు పాఠకులు గర్వపడాలి. "మా ఆఫీసరెక్కడున్నాడో చెప్పరా" అంటే చెవిలో ఒక బేకరీ పేరు చెప్పాడు.

బేకరీ ఓనరు నన్ను చూడగానే చేతులు జోడించాడు. "రెండ్రోజులున్నారండీ, ఒక్క టీతో. చల్లారినప్పుడల్లా వేడి చేయమంటారు. ఇంకోటి మాత్రం చెప్పరు."

"మరి వెళ్ళిపోయారెందుకు?"

"ఎవరో పెద్దాయన గుర్తుపట్టి నమస్కారం పెట్టాడండీ. అంతే, చార్జరు పీక్కుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారు."

ఆ బేకరీకి సంఘం 'బెడద తీవ్రం' అని రాసి, నూటికి పదకొండు మార్కులిచ్చింది.

లైబ్రరీకి పరుగెత్తాను. అక్కడ పాఠకులందరూ మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. పేజీలు తిప్పే చప్పుడుకి ఉద్యోగుల ఏకాగ్రత చెడుతోందని బయటికి పంపారట. లోపల మూడు శాఖలు పనిచేస్తున్నాయి, నాకు కావాల్సింది తప్ప. అక్కణ్ణుంచి పళ్ళ డాక్టరుగారి వెయిటింగ్ రూము. అక్కణ్ణుంచి లాండ్రీ. ఒక సెలూన్లో నీటి సరఫరా ఇంజినీరుగారు దొరికారు. గడ్డం చేయించుకునేవాళ్ళతో తప్ప మాట్లాడరంటే, చేయించుకుంటూనే అడిగాను.

"సర్టిఫికెట్లు మా శాఖ కాదు" అన్నారు ఇంజినీరుగారు.

"తల కాస్త అటు తిప్పండి" అన్నాడు బార్బరు.

ఇలా ఒక వారం గడిచింది. రోజూ పొద్దున్నే పోవడం, చీకటి పడేవేళకి కాళ్ళీడ్చుకుంటూ రావడం. ఆ వారాంతంలో పేపర్లో కొత్త సర్క్యులర్ పడింది. పబ్లిక్ ప్లేసుల్లో పబ్లిక్ మరీ ఎక్కువైపోయినందున, పగటిపూట మనుషులుండని ప్రైవేటు ఇళ్ళను పబ్లిక్ ప్లేసులుగా గుర్తించి, 'వర్క్ హబ్'లని పేరు పెట్టడమైనదట. చదివి నేను 'శభాష్' అన్నాను. ఆ ఇళ్ళు ఏవని బావమరిదిని అడిగితే నాలిక్కరుచుకున్నాడు.

"జాబితా రహస్యం బావా. ప్రమాణం చేయించుకున్నారు. పబ్లిక్‌కి తెలిస్తే అది పబ్లిక్ ప్లేస్ అవదు."

"నీ అక్క మొగుణ్ణిరా నేను!"

"అయినా పబ్లికే కదా బావా" అన్నాడు బాధగా. వాడి నిజాయితీకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, మళ్ళీ కెఫేలు, పార్కులు, బస్టాండ్లు గాలించాను. ఆదివారాలు పోను ఇంకో పదమూడు రోజులు అలాగే పోయాయి. మా ఆవిడ మొదట్లో "దొరికాడా?" అని అడిగేది. తర్వాత నా మొహం చూసి అన్నం వడ్డించేది.

నెలాఖరు రోజు పదకొండింటికి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఎక్కడున్నా పరుగెత్తుకు రా! పొద్దున ఎవరో మీ ఆఫీసరుని కనిపెట్టేశారు, జనం క్యూ కట్టేశారు. రహస్యం బయటపడింది కాబట్టి ఇక నేను చెప్పొచ్చు. హబ్ నంబర్ నలభై ఒకటి. నేను చూపించిందే! మొత్తం సిటీలో ఫస్టు ర్యాంకు! లొకేషన్ పంపుతున్నా."

ఫోన్లోని చుక్క వెంట నడిచాను. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. వీధి బాగా తెలిసినట్టే ఉంది. మెట్లు కూడా తెలిసినవే. మూడో అంతస్తులో మా ఇంటి తలుపుకి 'వర్క్ హబ్ 41' అని అట్టముక్క వేలాడుతోంది. గుమ్మంలో స్టూలు వేసుకుని బంట్రోతు కూర్చున్నాడు.

"ఇది నా ఇల్లు" అన్నాను.

"పొద్దున్నుంచీ అందరూ మనదే అనుకుంటున్నారు సార్, సంతోషం. టోకెన్ అరవై మూడు. చెప్పులు బయట విడవండి."

మెట్ల మీద కూర్చున్నాను. నా ముందు అరవై రెండో టోకెన్ ఎదురింటావిడది. "మీ ఇంట్లో గాలి బాగా ఆడుతుందండీ, ఇన్నాళ్ళూ తెలీలేదు" అంది. బావమరిదికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "అక్క ఇచ్చిన డూప్లికేట్ తాళం ఉంది కదా బావా. మీరిద్దరూ పగలు ఉండరు. బెడద గడిలో సున్నా! అలాంటి ఇల్లు ఊరంతా వెతికినా లేదు. నీకు గర్వంగా లేదూ?" అన్నాడు.

నాలుగూ నలభైకి నా నంబరు పిలిచారు. లోపలికి వెళ్ళబోతుంటే కొత్త కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఐదింటికి పోర్టల్ మూసేస్తాం. ఎక్కడున్నారు?"

"మా ఇంట్లోనేనమ్మా."

"మరింకేం సార్, ఆ ముక్క రాయించి పంపండి!"

ఆఫీసరుగారు కిటికీ పక్కన, మా ఆవిడ జరిపిపెట్టిన టేబుల్ దగ్గర కూర్చున్నారు. సన్నగా, మర్యాదగా ఉన్నారు. మా కప్పులోనే టీ తాగుతున్నారు. నా దరఖాస్తు పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివారు.

"ఈ చిరునామాలో మీరు నివసిస్తున్నానంటున్నారు."

"అవునండీ."

"ఇక్కడ?"

"ఇక్కడేనండీ."

"పదమూడు రోజులుగా నేనిక్కడే ఉన్నాను. పదింటి నుంచి ఐదింటి దాకా కదలకుండా. ఒక్కసారి కూడా మిమ్మల్ని చూడలేదే!"

"మిమ్మల్ని వెతుకుతూ తిరుగుతున్నానండీ."

"అది మీ సొంత విషయం" అన్నారు మృదువుగా.

గోడ మీద మా పెళ్ళి ఫోటో చూపించాను. "అందులో ఉన్నది నేనేనండీ. పక్కన మా ఆవిడ." ఆయన కళ్ళజోడు సర్దుకుని లేచి వెళ్ళి, ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"పోలికలున్నాయి. మీకేమవుతారు?"

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఉద్యోగం పోతే మా ఆవిడకి మొహం చూపించలేను. ఇంకా పావుగంటే ఉంది."

"అయ్యో, దానికింత బాధపడతారెందుకు? ప్రజల పని ఆపే మనిషిని కాను నేను" అని అప్పటికప్పుడు కాగితం తీసి, చకచకా రాసి, సీలు వేసి చేతికిచ్చారు. ఒక్క రూపాయి అడగలేదు. రేపు రమ్మనలేదు. అంత చురుకైన అధికారిని నేనింతవరకూ చూడలేదు. కాగితంలో ఇలా ఉంది: 'దరఖాస్తుదారుడు పై చిరునామాలో నివసించుటలేదని పదమూడు రోజులు స్వయంగా విచారించి ధ్రువీకరించడమైనది.'

గడియారం ఐదు కొట్టింది. బంట్రోతు అట్టముక్క తీసి సంచిలో పెట్టుకున్నాడు. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆఫీసరుగారు చార్జరు చుట్టుకుంటూ, తలుపు అవతల ఇంకా నిలబడ్డ జనాన్ని చిరాగ్గా చూశారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ మీరుండేదెక్కడ? పగలు అక్కడ ఎవరూ ఉండరు కదా?"