అబూ రాఫిద్ అరచెయ్యి

"మన పంపుహౌసులో ఇకమీదట ఏ యంత్రమూ వేడెక్కదు!" అని డైరెక్టరు ఉస్తాద్ ముజ్హిర్ మైకులో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అప్పటికి బయట నీడలోనే నలభై తొమ్మిది డిగ్రీలు. యూఫ్రటీస్ నీళ్లు ఊరికి తోసే మూడు పంపులకూ ఆ ఉదయమే సెన్సార్లు బిగించారు. బేరింగు వేడి ఎనభై అయిదు దాటితే గంట మోగుతుంది. తొంభై అయిదు దాటితే పంపు దానంతటదే ఆగిపోతుంది.

అబూ రాఫిద్ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్లుగా బేరింగుల మీద అరచెయ్యి ఆనించి వాటి బాగోగులు చెబుతున్నవాడు. ఇకనైనా చేతికి విశ్రాంతి అనుకున్నాడు.

గంట మర్నాడే మోగింది. డైరెక్టరుగారు విలేకరులతో టీ తాగుతుండగా మోగడం దాని తప్పు.

"ఏమిటమ్మా ఈ గోల?"

"రెండో పంపు ఎనభై ఆరు, ఉస్తాద్," అంది ఇంజనీరు నహ్లా. "గ్రీజు లేదు. తెప్పించమని మూడుసార్లు రాశాను."

"గ్రీజుకు టెండరు పిలవాలి, ఆరు నెలలు పడుతుంది. గంటకైతే నా సంతకం చాలు."

సంతకం పెట్టారు. గంట హద్దు నూటపదికి పెరిగింది. పంపును ఆపే తీగ కూడా ఊడదీయించారు. నెలంతా ఒక్క గంటా మోగలేదు. రాష్ట్రంలోకెల్లా చల్లని పంపుహౌసుగా షీల్డు ప్రకటించారు.

షీల్డు ఇవ్వడానికి మంత్రిగారు వచ్చిన రోజు అబూ రాఫిద్ అలవాటు కొద్దీ రెండో పంపు మీద చెయ్యి వేసి చటుక్కున లాక్కున్నాడు. అరచేతిలో బొబ్బ లేచింది.

"ఆపెయ్యాలమ్మా!"

"నూట ఎనిమిది, బాబాయ్. ఆర్డరు ప్రకారం అది చల్లగా ఉన్నట్టే," అంది నహ్లా సెన్సారు అంకె చూసి.

"ఇది బిగుసుకుపోతే సగం ఊరికి వారంపాటు చుక్క నీరుండదు. మా ఇంట్లో పది రోజుల పసిగుడ్డు ఉంది."

మీట నొక్కేశాడు. మంత్రిగారి ఎదుట ఎగసిపడుతున్న ఫౌంటెన్ కాస్తా చతికిలబడింది. నహ్లా పరుగున బజారుకెళ్లి గ్రీజు డబ్బా తెచ్చింది. సాయంత్రానికి పంపు హాయిగా తిరిగింది.

విచారణ సంఘం చాలా లోతుగా ఆలోచించింది. రికార్డులో తప్పు లేదు, పంపులో తప్పు లేదు. ఇక మిగిలింది చెయ్యి.

"తనిఖీ చేయించని పరికరాన్ని ఇరవై రెండేళ్లు ఎలా వాడావయ్యా?" అని అడిగారు.

"పుట్టుకతో వచ్చింది, అయ్యా."

చేతిని కొలతల ప్రయోగశాలకు పంపారు. మూడు రోజులు వేన్నీళ్లలో, చన్నీళ్లలో ముంచి చూశారు. రెండు డిగ్రీల తేడాలో సరిగ్గానే చెబుతోందని సర్టిఫికెట్టు ఇచ్చి, మణికట్టుకు నంబరు అంటించారు. అబూ రాఫిద్ ఛాతీ విరుచుకుని తిరిగొచ్చాడు.

"ముబారక్!" అన్నారు డైరెక్టరుగారు లేచి నిలబడి. "ఇక ఇది ప్రభుత్వ పరికరం. ఎండలో, దుమ్ములో పాడు చేసుకోగూడదు."

ఆయన ఏసీ గదిలోనే బల్ల పక్కన కుర్చీ వేయించారు. అబూ రాఫిద్ బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చుంటున్నాడు. గంటకోసారి గుమాస్తా రిజిస్టరుతో వస్తాడు.

"రెండో పంపు ఎంత, అబూ రాఫిద్?"

"ఇరవై రెండు డిగ్రీలు."