రిఫరెన్సు విభాగంలో సెంటర్ ఫార్వర్డ్

లోకంలో గొప్ప సంస్థలేవీ ఇచ్చి గొప్పవి కాలేదు. ఇవ్వకపోవడం వల్లే అయ్యాయి. అడిగినవాడికి అడిగిన రోజే ఇచ్చి పంపేస్తే దాన్ని కొట్టు అంటారు గాని సంస్థ అనరు. ఈ సత్యం ఒంటబట్టినవాణ్ణి కనకనే మా ఫుట్‌బాల్ క్లబ్బుకి చాలా ఏళ్ళుగా గౌరవ కార్యదర్శిగా వెలుగుతున్నాను. (గౌరవం నాదే. కార్యం ఎవరిదో ఇంకా తేలలేదు.) నా జన్మలో బంతిని ఒక్కసారే తన్నాను. అదైనా అదే దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది కాబట్టి, తన్నానని చెప్పుకోవడం కూడా కొంచెం ఎక్కువే.

మా క్లబ్బు లీగులో ఎప్పుడూ అట్టడుగుకి ఒక మెట్టు పైన ఉంటుంది. అట్టడుగున ఉన్న జట్టుని ఏటా కింది లీగుకి తోసేస్తారు. ఆ తోపుడు నుంచి మమ్మల్ని ఏటా కాపాడుతున్నవాడు ఒకే ఒక్కడు. అతడు సెంటర్ ఫార్వర్డు, మా ఆవిడ తమ్ముడు. ఊళ్ళో అందరూ ఎడంకాలు అని పిలుస్తారు. పగలంతా అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసి, సాయంత్రం గ్రీజు చేతులతోనే మైదానానికి వచ్చి ఎడంకాలితో గోల్స్ కొడతాడు. మిగతావాళ్ళ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మా గోల్‌కీపరుకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కళ్ళజోడు మాత్రం అక్కడే వదిలి వస్తాడు.

సీజను సరిగ్గా సగంలో ఉండగా, పై లీగులో ఆడే ఒక పెద్ద క్లబ్బు నుంచి సన్నటి మనిషి ఒకాయన దిగాడు. ఎడంకాలిని కొనుక్కుంటామన్నాడు. మాకు డబ్బిస్తారు, అతడికి జీతమిస్తారు, ఇక లిఫ్టుల ఊసే అక్కర్లేదు, ఆటే ఉద్యోగం. అయితే సీజను మధ్యలో ఆటగాళ్ళు క్లబ్బులు మారడానికి ఉన్న గడువు ఈ నెలాఖరుతో సరి. ఈలోగా మేము అభ్యంతరం లేదని రాసిస్తే చాలు.

మా ప్రెసిడెంటుగారికి ప్లైవుడ్ దుకాణం ఉంది. ఆ దుకాణం మీది గదే మా క్లబ్బు. వచ్చినాయన్ని కింద ప్లైవుడ్ చూస్తూ ఉండమని చెప్పి మేము పైన సమావేశమయ్యాం.

"ఇతన్ని అమ్మేస్తే గోల్స్ ఎవరు కొడతారయ్యా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఎవరూ కొట్టరండి."

"అయితే అమ్మొద్దు."

"అమ్మం అంటే కారణం చెప్పాలండి."

"మనకిష్టం లేదని చెప్పు."

"అది నిజమండి. కారణం కాదు," అన్నాను. ఆ తేడా తెలిసినవాళ్ళనే కార్యదర్శులు చేస్తారు.

ఇక్కడ మా నియమావళి గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా క్లబ్బు స్థాపించిన పెద్దాయన వృత్తిరీత్యా లైబ్రేరియన్. క్లబ్బుకి నిబంధనలు కావాలని రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు పట్టుబట్టేసరికి, కొత్తగా రాసేదేముందని తన లైబ్రరీ నిబంధనలే తీసుకుని, పుస్తకం అన్నచోటల్లా కొట్టేసి ఆటగాడు అని రాసి ఇచ్చారు. రిజిస్ట్రారుగారు చదవకుండా ముద్ర వేశారు. (అందుకే వారంటే నాకు ఎనలేని గౌరవం.) ఆ ప్రకారం మా క్లబ్బులో ఆటగాళ్ళను తడపరాదు, మడవరాదు, పెన్సిలుతో గీతలు గీయరాదు. ఆవరణలో నిశ్శబ్దం పాటించాలి. మా మ్యాచిలకు వచ్చేవాళ్ళు ఈ ఆఖరి నిబంధనను ఎంతో నిష్ఠగా పాటిస్తారు, వాళ్ళ కారణాలు వేరే అయినా.

అందులోనే నాకు దొరికింది: "అరుదైనవారు, మరల లభించనివారు అగు ఆటగాళ్ళు రిఫరెన్సు విభాగమునకు చెందుదురు. వారు బయటకు ఇవ్వబడరు. ఆవరణలోనే చూసుకొనవలెను."

కిందకు దిగి సన్నటాయనకి చదివి వినిపించాను.

"ఆటగాణ్ణి చూసుకోవడమేంటండీ?" అన్నాడాయన.

"కావాలంటే నోట్సు కూడా రాసుకోవచ్చండి. ఆ సదుపాయం తర్వాతి వాక్యంలో ఉంది."

ఆయన నన్ను అదోలా చూసి, ఆ పేజీకి నకలు ఒకటి అడిగి పట్టుకెళ్ళాడు. ఓడిపోయినవాడు జ్ఞాపకంగా ఉంచుకుంటాడేమో అనుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. కంచం ముందు కూర్చున్నానో లేదో మా ఆవిడ మొదలెట్టింది.

"మీ క్లబ్బు తగలెయ్య. వాడి బతుకండీ అది. మీకేం పోయింది సంతకం పెడితే?"

"చూడు, ఇంట్లో నేను వాడికి బావని. క్లబ్బులో కార్యదర్శిని. రెండూ కలపకూడదు."

"అలాగా? అయితే కార్యదర్శిగారు క్లబ్బులోనే భోంచెయ్యండి," అని కంచం తీసేసింది.

అంతలో ఎడంకాలే వచ్చాడు. కోపంగా వచ్చి ఉంటే నాకు తేలికయ్యేది. కోపం మీద ఏ చర్య తీసుకోవాలో నాకు తెలుసు, అర్జీ రాసిమ్మంటాను. వాడు నెమ్మదిగా నా పక్కన కూర్చున్నాడు.

"బావా, నాకు ఇరవై ఎనిమిదొచ్చాయి. లిఫ్టులెప్పుడైనా పాడవుతాయి, ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇది ఇప్పుడే. వచ్చే ఏడు నన్నెవరూ అడగరు. మీకు తెలుసు కదా?"

తెలుసు. వేలెడంత ఉన్నప్పుడే మా పెళ్ళి పందిట్లో అందరి కాళ్ళ మధ్యా దూరి గోలీలతో గోల్స్ కొట్టినవాడు. అక్కడే సంతకం పెట్టేద్దామనిపించింది. కానీ సంతకాలు అనిపించినప్పుడల్లా పెట్టేవి కావు.

"ఒరే, ఇది నీకు గౌరవంరా," అన్నాను. "మన క్లబ్బు పుట్టాక రిఫరెన్సు విభాగంలో చేరిన మొదటివాడివి నువ్వే."

"అక్కడేం చెయ్యాలి బావా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. అదే గౌరవం."

వాడు లేచాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళక్క వాడి భుజం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఆ పూట నాకు కంచం తిరిగి రాలేదు.

తర్వాతి మ్యాచి పక్క ఊళ్ళో. మేము బస్సు దిగేసరికి అవతలి క్లబ్బు కార్యదర్శి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో మా నియమావళి పేజీ. (సన్నటాయన లీగులో ఉన్న క్లబ్బులన్నిటికీ తలొక నకలు పంచినట్టు అప్పుడు తెలిసింది.)

"మీవాడు రిఫరెన్సు కదండీ. ఆవరణ దాటించి ఇక్కడికెలా తెచ్చారు?"

మా కోచి ఆయన మీదికి వెళ్ళబోయాడు. నేను ఆపాను. ఆయన మాట్లాడింది నా భాష. చాలాకాలానికి నాతో సమానమైన మనిషి ఎదురయ్యాడన్న ఆనందం కూడా కలిగింది.

"నిబంధన మనది. మనమే కాదంటే ఎలా?" అని కోచికి నచ్చజెప్పి, ఎడంకాలిని బస్సులోనే కూర్చోబెట్టాం. చిత్తుగా ఓడిపోయాం. వాడు కిటికీలోంచి చూశాడు.

సరే, సొంత మైదానంలో ఆడించుకుందాంలే అనుకున్నాం. అక్కడికి లీగు పరిశీలకుడొకాయన వచ్చాడు. బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు, పేజీ వెనకవైపు కూడా తిప్పి చూశాడు. రిఫరెన్సు విభాగమువారిని బల్ల వద్ద మాత్రమే వినియోగించుకొనవలెనని అక్కడ ఉంది. చేసేదేముంది? మైదానం గీత పక్కన ఒక బల్ల, కుర్చీ వేయించి ఎడంకాలిని జెర్సీతో, బూట్లతో కూర్చోబెట్టాం. చినుకులు పడుతుంటే తడపరాదన్న నిబంధన గుర్తొచ్చి గొడుగు కూడా నేనే పట్టాను. మా జట్టుని మొదటినుంచీ చూస్తున్న రిటైర్డు టైలరు ఒకాయన వచ్చి, బల్లకి ఇటువైపు కూర్చుని, వాణ్ణి తృప్తిగా చూసుకుని, లేచాడు.

"బాగున్నావు నాయనా," అని మాత్రం అన్నాడు.

ఆ మ్యాచీ పోయింది. కాకపోతే ఆటకన్నా బల్ల దగ్గరే జనం ఎక్కువగా ఉన్నారని కమిటీకి నివేదిక ఇచ్చాను. అందులో అబద్ధం లేదు.

ప్రెసిడెంటుగారు పిలిపించారు.

"ఆ రూలు కొట్టిపారేద్దామయ్యా."

"కొట్టెయ్యొచ్చండి. కొట్టేస్తే పెద్ద క్లబ్బువాళ్ళు మళ్ళీ వచ్చి అడుగుతారు. అప్పుడు కాదనడానికి మనకేమీ ఉండదు."

"అయితే ఉంచుదాం."

"ఉంచితే ఆడించలేమండి."

ఆయన పక్కనున్న ప్లైవుడ్ పలకని వేళ్ళతో తట్టారు.

"మొత్తానికి మన దగ్గరే ఉన్నాడుగా?"

"మన దగ్గరే ఉన్నాడండి."

"అదీ," అన్నారు. ఇద్దరికీ గుండెల మీంచి బరువు దిగింది.

గడువు కాస్తా దాటిపోయింది. పెద్ద క్లబ్బువాళ్ళు ఇంకెక్కడి నుంచో ఇంకో కుర్రాణ్ణి కొనుక్కున్నారు. ఆ తర్వాతి మా మ్యాచికి ఎడంకాలు బల్ల దగ్గర కూర్చుని ఫోనులో వాళ్ళ ఆట చూస్తున్నాడు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"కొట్టాడు బావా," అన్నాడు కాసేపటికి.

"ఎవరు?"

"నా బదులు వెళ్ళినవాడు. ఎడంకాలితోనే."

ఫోను జేబులో పెట్టుకుని, వంగి, విప్పాల్సిన పనేమీ లేకపోయినా బూటు లేసులు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. అలా అనిపించినప్పుడు కార్యదర్శి ఏం చెయ్యాలో నియమావళిలో వెతికాను. లైబ్రరీవాళ్ళకి ఆ అవసరం పడినట్టు లేదు.

సీజను ముగిసింది. మేము అట్టడుగుకి చేరి, పద్ధతి ప్రకారం కింది లీగుకి తోయబడ్డాం. ఆ వెంటనే సర్వసభ్య సమావేశం జరిగింది. ఎడంకాలి ప్రస్తావన వచ్చింది. సగం సీజను పాటు ఎవరూ వినియోగించుకోని ఆటగాణ్ణి అరల నుంచి తొలగించి, కావలసినవారికి ఉచితముగా ఇచ్చివేయవలెనని నియమావళిలో స్పష్టంగా ఉంది. తొలగించాం. ఏకగ్రీవంగానే. ఉచితంగా ఇస్తామని చెప్పినా ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళు ఆడనివాడు ఇప్పుడేం ఆడతాడని అడిగినవాళ్ళూ ఉన్నారు. సమంజసమైన ప్రశ్నే.

కొత్త సీజను సగానికి వచ్చింది. ఒకరోజు సన్నటి మనిషి మళ్ళీ దిగాడు. ఈసారి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. ఎడంకాలికోసమే అనుకుని, నా మనసు ఒక్క గంతు వేసింది. ఈసారి ఏ కాగితమైనా కళ్ళు మూసుకుని సంతకం పెడదామని కలం కూడా తీశాను.

"అతను కాదండీ," అన్నాడాయన. "మాకు మీరు కావాలి."

"నేనా?"

"ఆటగాళ్ళకేం, బోలెడుమంది ఉన్నారు. అందరూ వెళ్ళిపోతామంటున్నారు. వద్దనడం చేతనైనవాడే లేడు. నేను ఎన్నో క్లబ్బులు తిరిగానండీ. అందరూ బేరం ఆడారు. మీలా కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు." ఉద్యోగం పేరు అభ్యంతరాల అధికారి. జీతం, గది, బల్ల.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ వెంటనే దిగులు పట్టుకుంది. సీజను మధ్యలో, ఇన్నేళ్ళ కార్యదర్శిని, క్లబ్బు వదులుతుందా? అరుదైనవాణ్ణి, మరల లభించనివాణ్ణి. వాళ్ళు బతిమాలితే ఎలా తట్టుకోవాలో దారంతా సాధన చేసుకుంటూ వెళ్ళాను.

"వెళ్ళిరావయ్యా," అన్నారు ప్రెసిడెంటుగారు. నేనింకా విషయం పూర్తిగా చెప్పనేలేదు.

"రూలు చూడాలి కదండీ..."

"రూలెందుకయ్యా? మంచి అవకాశం. మనిషి ఎదుగుతానంటే అడ్డం పడతామా?"

కోచి చప్పట్లు కొట్టాడు. మా ఆవరణలో చప్పట్లు మోగడం అదే మొదలు. నా కోసం తెప్పించిన టీ మెట్లెక్కి వచ్చేసరికే నేను మాజీనయ్యాను.

మా ఆవిడ రానంది.

"నన్ను కూడా రిఫరెన్సులో వేసుకోండి. ఆవరణ దాటను," అని నా చొక్కాలు మడిచి పెట్టెలో పెట్టింది.

బస్టాండుకి నన్ను స్కూటరు మీద ఎడంకాలే దింపాడు. పెట్టె వాడే బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూసి, దుమ్ము తుడిచి కూర్చోబెట్టాడు. తర్వాత కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వెళ్ళండి బావా. ఇలాంటిది మళ్ళీ రాదు," అన్నాడు.

ఆ మాటలో వెటకారం ఏమైనా ఉందేమోనని బస్సు కదిలేదాకా వాడి మొహంలోకి చూస్తూనే ఉన్నాను. లేదు. ఉంటే అభ్యంతరం చెప్పేవాణ్ణి.