వీరప్పకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట

ఆ శుక్రవారానికి వీరప్ప వేసుకున్న పథకం చిన్నది. ధర్మపురిలో ఆరున్నర బస్సు ఎక్కాలి. తీర్థమలైలో దిగి, చెల్లెలు మీనాక్షమ్మ కూతురిని వొడిలో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాలి. అక్కడ మెతుకు ముట్టకుండా తిరిగి రావాలి. మేనమామ వొడి లేనిదే చెవులు కుట్టరు కనుక పోతున్నాడు. ఇంతటితో ఆమెకూ తనకూ తెగిపోవాలి.

మూడేళ్ల కిందట అతని భార్య పోయినప్పుడు మీనాక్షమ్మ దహనం ముగిశాక వచ్చింది. చంకలో ఉన్న ఈ బిడ్డకే పాల కోసం దారిలో దిగితే బస్సు వెళ్లిపోయిందని చెప్పింది. మనిషిని వదిలేసి బస్సు ఎక్కడైనా పోతుందా? ఆ రోజు నుంచి వీరప్ప ఆమె ముఖం చూడలేదు.

ఇస్త్రీ పంచె కట్టుకుని, కిటికీలోంచి తుండు వేసి సీటు పట్టాడు. ఆ పక్కనే రంగమ్మ అనే ఆమె ఒక గంప, ఒక పసిబిడ్డతో వచ్చి నిలబడింది. "రవ్వంత అడ్జస్ట్ చేసుకో అన్నా" అంది.

వీరప్పకు గిట్టని మాట అది. ఆ మాటతో లోకం అతని దగ్గర తీసుకోనిది లేదు. కానీ రంగమ్మ దాన్ని వాడిన తీరు వేరు. జరగమని అడిగినప్పుడు అదే మాట. గంపను అతని కాళ్ల కింద తోసినప్పుడు అదే. బిడ్డను అతని వొడిలో పెట్టినప్పుడు అదే. ఆ బిడ్డ ఇస్త్రీ పంచెను తడిపినప్పుడు కూడా అదే, కాకపోతే ఈసారి అందులో క్షమాపణ వినిపించింది. ఒకటే మాట, నాలుగు గొంతులు. ఇదీ ఒక విద్యేనని వీరప్ప పళ్లు కొరుకుతూనే ఒప్పుకున్నాడు.

మొరప్పూరులో రంగమ్మ బిడ్డకు పాలు తెస్తానని దిగింది. బస్సు కదిలింది. రంగమ్మ గ్లాసుతో వెనకాల పరుగెత్తడం వీరప్ప కళ్లారా చూశాడు. ఆపమని అరిచాడు. పొద్దుటి నుంచి గంపకనీ పంచెకనీ అతను అరుస్తూనే ఉన్నాడు కనుక ఎవరూ పట్టించుకోలేదు. సంగతి తెలిసేసరికి రెండు మైళ్లు దాటింది.

కండక్టరు మాయాండి చూసి చూసి, "ఆమెకూ తీర్థమలై టికెట్టే కదా మామా. బిడ్డ నీ దగ్గరుంటే ఆమె యాడికి పోతాది? వెనకబండిలో వస్తాది. అడ్జస్ట్ చేసుకో" అన్నాడు.

కొండ కింది మంటపంలో ముహూర్తం దాటబోతోంది. మీనాక్షమ్మ కూతురు సూదిని చూసి పారిపోయింది. ఆ పిల్ల వెంట తల్లి పరుగెత్తింది. వీరప్ప చెల్లెలి ముఖం చూడకూడదని కొండ వైపు తిరిగి పీట మీద కూర్చున్నాడు. వొడిలో రంగమ్మ బిడ్డ నిద్రపోతోంది. చెవులు కుట్టే ముసలి ఆచారికి చూపు తక్కువ, తొందర ఎక్కువ. పీట మీద మేనమామ, వొడిలో బిడ్డ. ఇంక అడగడానికేముంది? బిడ్డ కెవ్వుమనేసరికి వీరప్ప ఇటు తిరిగాడు. అప్పటికి ఆ రెండు చెవులకూ మేనకోడలి కోసం తెచ్చిన బంగారు తీగలు పడ్డాయి.

కూతురిని ఈడ్చుకొచ్చిన మీనాక్షమ్మ ఆ చెవులను చూసింది, అన్నను చూసింది. "పచ్చి పుండు, తీస్తే బిడ్డ ఏడుస్తాది. మనదానికి వేపపుల్ల పెడదాం" అని మాత్రం అంది. ఆచారి మళ్లీ సూది పట్టాడు. ఒక వొడిలో ఇద్దరు ఏడుస్తుండగా పని ముగిసింది.

అప్పుడు చింతపండు లారీలోంచి రంగమ్మ దిగింది. జుట్టు ముడి ఊడింది, చేతిలో ఖాళీ గ్లాసు. బిడ్డను గుండెకు హత్తుకుంది. తర్వాత చెవులు చూసింది. ఎంత వెతికినా వీరప్పకు ఒక్క మాటే దొరికింది.

"రవ్వంత అడ్జస్ట్ చేసుకోమ్మా" అన్నాడు.

"ఎవరి వొడిలో కుట్టినారు?" అంది రంగమ్మ.

"నా వొడిలోనే."

ఆమె గ్లాసు కింద పెట్టి అతని కాళ్లకు మొక్కింది. "నాకు తోడబుట్టినోడు లేడు. దీన్ని ఎవరి వొడిలో పెట్టేదని కొండదేవుణ్ణి అడగను వస్తా ఉంటిని. ఇంకమీద నువ్వే నా అన్నవి."

వీరప్ప కాదనలేదు. కాదనడానికి ఆచారం ఒప్పదు. తడిసిన పంచెను ఒకసారి చూసుకుని, తలెత్తి మీనాక్షమ్మ వైపు చూశాడు.

"ఆ పొద్దు నీ బస్సు యాడ పోయింది?"

"మొరప్పూరులో అన్నా."

"ఆడ నిలపరు వాళ్లు" అన్నాడు వీరప్ప. ఇంకేమీ అనకుండా పోయి పంక్తిలో కూర్చుని, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ ఏటి నుంచి పండుగకు వీరప్ప రెండు చీరలు కొంటున్నాడు.