వేడి తగలని నీలం

రాయచూరు పుర ప్రముఖులు, బియ్యం మిల్లు అధిపతి, మిల్లర్ల సంఘం అధ్యక్ష పదవిని వరుసగా రెండు ఎన్నికల్లో ఇతరులకు వదిలిపెట్టిన త్యాగశీలి శ్రీ కేశవులు గారు, ఇకమీదట తమ కుడిచేతి నడిమి వేలికి కాల్చని, రంగు పొయ్యని, భూమిలోంచి తీసింది తీసినట్టున్న జాతి నీలం మాత్రమే ధరిస్తారని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

మొదటిసారి ఆయన నాలుగు ఓట్లతో ఓడారు. రెండోసారి ఒక్క ఓటుతో. ఆ ఒక్కటీ ఆయనదేనని, తొందరలో ప్రత్యర్థి గుర్తు మీద ముద్ర గుద్దారని గిట్టనివాళ్లు అంటారు. సిద్ధాంతి మాత్రం తప్పంతా శనిదేనని తేల్చాడు. ఈ ఆదివారం మళ్లీ పోలింగు. ఈసారి కూడా పోతే బజారులో తలెత్తుకు తిరగలేనని ఆయన నిజంగానే కుమిలిపోతున్నారు. అందుచేత శనివారం పొద్దున్నే నీలం పెట్టుకోవాలి. అది పొయ్యి ముఖం చూడని నీలం అయివుండాలి. వేడి తగిలితే రాయిలోని శక్తి ఆవిరైపోతుందని సిద్ధాంతి హెచ్చరించాడు.

రత్నాల వ్యాపారి విజయకుమార్ బఠాణీ గింజంత నీలాన్ని తెల్లకాగితం మీద పెట్టి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

"అన్నా, నీలం రంగు సిరా లెక్క నల్లగుండొద్దు, నీళ్లు కలిపినట్టు తేలిపోవద్దు. ట్యూబులైటు కింద గాదు, ఎండల చూడాలె. లోపల సన్నటి పట్టుపోగుల లెక్క గీతలున్నయి చూడు. బట్టీల పెడితే గవి కరిగిపోతయి. ఏ మచ్చ లేకుండ కడిగినట్టుంటే అప్పుడు అనుమానపడాలె. రాయికి జెర ఐబు ఉంటేనే అస్లీ."

తర్వాత ల్యాబు ఇచ్చిన పత్రం తీశాడు. 'సహజమైనది. వేడి చేసిన ఆనవాళ్లు లేవు' అని అందులో ఉంది.

"ఏందీ! రాళ్లను గూడ స్టీమ్ చేస్తరా? గింత మోసమా?" అన్నారు కేశవులు గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ బాధ అర్థం చేసుకోదగినదే. ఆయన మిల్లులో పోయిన నెల కోసిన సోనా మసూరి ఆవిరి పట్టుకుని, నాలుగో రోజుకల్లా 'రెండేళ్ల పాత బియ్యం' అని అచ్చేసిన సంచిలోకి దిగుతుంది. కొత్త బియ్యానికి వయసు తెప్పించడం ప్రజాసేవ. రాయికి రంగు తెప్పించడం మోసం. ఈ తేడా తెలియనివాళ్లు వ్యాపారానికి పనికిరారు. పదిహేను రోజులకోసారి మీసానికి నల్లరంగు పూసుకుంటూ కేశవులు గారు ఈ మాటే చెబుతుంటారు.

నీలం అందరికీ పడదు. అందుకని కొనేముందు మూడు రోజులు నీలిగుడ్డలో కట్టి దండచేతికి చుట్టుకుని చూడటం మన ఆచారం. మంచి జరిగితే బేరం, చెడు జరిగితే వాపసు. బుధవారం గుడి ముందు పోయిన చెప్పు దొరికింది. నీలం పడిందన్నారు. గంటలోనే రెండో చెప్పు పోయింది. పడలేదన్నారు. గురువారం ప్రత్యర్థికి పంటినొప్పి వచ్చింది. ఇల్లంతా ఆనందించింది. సాయంత్రానికి కేశవులు గారి దవడ కూడా వాచింది.

శుక్రవారం ఆయన విసిగిపోయారు. సిద్ధాంతిని నమ్మాలా, ల్యాబును నమ్మాలా? ప్రపంచంలో ఆయన మనస్ఫూర్తిగా నమ్మేది ఒక్కదాన్నే. మిల్లులోని సార్టెక్స్ యంత్రం. జల్లులా పడే బియ్యాన్ని కెమెరాలతో చూసి, రంగు తేడా ఉన్న గింజను గాలితో ఊది పక్కకు నెట్టేసే మహా న్యాయమూర్తి అది. ఆపరేటర్ మౌనేశ్ భోజనానికి వెళ్లిన సమయం చూసి కేశవులు గారు దండచేతి గుడ్డ విప్పి, నీలాన్ని బియ్యంతోపాటు యంత్రంలో పోశారు. అస్లీ రాయి కాబట్టి మంచి బియ్యం వైపే వస్తుందని, ఆ గొట్టం కింద దోసిలి పట్టుకుని కూర్చున్నారు.

తెల్లటి బియ్యంలో నీలిగింజ కనబడితే యంత్రం ఏం చెయ్యాలో అదే చేసింది. రాయి రెప్పపాటులో ఎదుటివైపు, తిరస్కృత బియ్యంలో పడింది. కేశవులు గారు మాత్రం దోసిలి తియ్యకుండా గంటన్నర అలాగే కూర్చున్నారు.

ఈలోగా మౌనేశ్ వచ్చి తన పని తాను చేసుకుపోయాడు. ఆ మిల్లులో ఏదీ వృథా పోదు. తిరస్కృత బియ్యం తగుమాత్రంగా పాత బియ్యం సంచుల్లో కలిసిపోతుంది. ఆ రోజు కలిసింది, సంఘంలోని మిగతా నలభై రెండు మంది సభ్యులకు అభ్యర్థి తరఫున ప్రేమగా పంపే సంచుల్లో. అడుగున మిగిలిన రెండు కిలోలు ఎప్పటిలాగే మౌనేశ్ ఇంటికి తీసుకుపోయాడు. ఇచ్చిన దానాన్ని గుర్తుంచుకోకపోవడం కేశవులు గారి నియమం కనుక ఆ రెండు కిలోలు ఆయనకు తర్వాత కూడా గుర్తు రాలేదు.

ఆ సంచుల లారీ వెళ్లిపోయాక ఆయనకు సంగతి తట్టింది. ఇంటికొచ్చి కూలబడ్డారు.

"ఫోన్లు చేసి అడగండి. బియ్యంల నా నీలం పడింది, జెర చూడండని," అంది ఆయన భార్య సౌభాగ్యలక్ష్మి.

"ఎట్ల పడిందంటే ఏం చెప్పాలె? సార్టెక్స్ పారేసిందంత మీ సంచుల్ల కలిపిననని చెప్పాలెనా? ఒక్క ఓటు గూడ రాదు!"

రాయి అడిగితే పదవి పోతుంది. అడక్కపోతే రాయి పోతుంది. రాయి లేకపోతే శని ఊరుకోడు, పదవి మళ్లీ పోతుంది. ఆయన ముద్ద ముట్టలేదు. ఆ రాత్రి ఆయన్ని చూస్తే నాకే జాలేసింది.

శనివారం సంఘం సమావేశంలో ఆయన లేచి నిలబడ్డారు.

"సోదర మిల్లర్లారా! ఓట్లు వస్తయి, పోతయి. ప్రేమ నిలుస్తది. మీకు పంపిన సంచుల్ల ఒకదాంట్ల నా ప్రేమకు గుర్తుగ జాతి నీలం వేసిన. దొరికినోళ్లు తెచ్చిస్తే వెండి కుందులతో సన్మానం చేస్త!"

చప్పట్లతో హాలు అదిరింది. ఆ మధ్యాహ్నం రాయచూరు చరిత్రలో మొదటిసారి నలభై రెండు మంది మిల్లు యజమానులు చేటలు పట్టుకుని ఇంకో మిల్లు బియ్యాన్ని గింజ గింజా ఏరారు. పలుగురాళ్లు, మట్టిగడ్డలు, చొక్కా గుండీ, నీలిరంగు ప్లాస్టిక్ ముక్క దొరికాయి. అన్నీ సన్మానం ఆశతో విజయకుమార్ కొట్టుకు చేరాయి. అతను ఒక్కో పలుగురాయినీ భూతద్దంలో చూసి, తలా ఒక పత్రం రాసిచ్చాడు. 'సహజమైనది. వేడి చేసిన ఆనవాళ్లు లేవు. పుట్టినచోటు: మిల్లు కళ్లం.' పత్రాలకు మాత్రం రుసుము తీసుకున్నాడు.

తన బియ్యం గుట్టు రట్టయిందని కేశవులు గారు ఆదివారమంతా వణికారు. అనవసరంగా. ఆ బియ్యం చూడగానే సభ్యులందరికీ ఆయన మీద ఆపేక్ష పుట్టింది. అచ్చం మన బియ్యంలాగే ఉంది, మన మనిషే అనుకున్నారు. ఆయన ఓటు కాక, నలభై రెండుకు నలభై రెండు ఓట్లు పడ్డాయి. ప్రత్యర్థి కూడా దవడ పట్టుకుని వచ్చి ఆయనకే వేశాడు.

సోమవారం పొద్దున గెలుపు దండలు వాడకముందే మౌనేశ్ వచ్చాడు. అరచేతిలో నీలం ఉంది.

"సావ్కార్, అన్నంల వచ్చింది. శనివారం తెల్లారకముందే కరెంటు పోతే మా హంపమ్మ ఏరకుండనే ఎసట్ల పోసింది. నా పన్ను కింద పడింది. ఎలక్షన్లకని మిల్లు రెండు దినాలు బంద్ గదా, ఇయ్యాల తెచ్చిన."

"అన్నంలనా? అంటే ఉడికిందా?"

"మంచిగ ఉడికింది సావ్కార్."

కేశవులు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వేడి తగిలింది! రాయి రంగు మారాలంటే వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీ కావాలని, హంపమ్మ పొయ్యికి అంత శక్తి లేదని అక్కడే ఉన్న విజయకుమార్‌కు తెలుసు. కానీ ఇంకో నీలం అమ్ముడుపోయే చోట విజ్ఞానం మాట్లాడటం మర్యాద కాదు. పైగా వండిన రాయిని వాపసు తీసుకునే పద్ధతి లేదన్నాడు.

సౌభాగ్యలక్ష్మి మాత్రం రాయిని వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో పట్టుకుంది. "ఎంత బాగున్నది!" అంది. వారం రోజుల్లో ఆ రాయి రంగును చూసింది ఆమె ఒక్కతే. మెడలో లాకెట్టు చేయించుకుంటానంది.

మౌనేశ్ వెళ్లబోతుంటే అధ్యక్షుల వారు పిలిచారు.

"ఆగు. రెండు దినాలు ఇంట్ల పెట్టుకున్నవు. ఎవ్వరు అడగలేదు, నువ్వే తెచ్చిచ్చినవు. ఏదో ఉన్నది ఇందుల. రేపటినుంచి పనిలకు రావాలంటే ఠాణా నుంచి నడవడి పత్రం తేవాలె."

మౌనేశ్ సరేనని, ఆ రోజు కూలి పోగొట్టుకుని ఠాణా ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి పత్రం వచ్చింది. 'నేరం చేసిన ఆనవాళ్లు లేవు' అని రాసి ఉంది. కేశవులు గారు దాన్ని ఎండలో పెట్టి, ముద్ర అసలుదో కాదో రెండు వైపులా చూశారు.

నవ్వకండి. మీరు ఆటోలో మరిచిపోయిన ఫోనును, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఇచ్చిన మనిషి ఎదుటే, దాన్ని మీరూ రెండు వైపులా తిప్పి చూసుకున్నారు.