హార్లిక్స్ సీసా మహాసంగ్రామము

స్వస్తి! క్రీస్తుశకము రెండువేల రెండు, ఫిబ్రవరి మాసము, మిరపకళ్లముల ఘాటుకు అష్టదిక్పాలకులును తుమ్ముచున్న శుభవేళ, ప్రకాశము జిల్లా పర్చూరు ప్రాంతమున, నిన్నటి పత్తి గోడౌనే నేటి జూనియర్ కళాశాలయై వెలుగొందు పుణ్యస్థలమున, జంతుశాస్త్ర ప్రాక్టికల్ పరీక్ష సంప్రాప్తమయ్యెను. ఓ ఉభయచరములారా! తోకలేని కప్పలారా, తోకగల సాలమాండరులారా, కాళ్లే లేని ఇక్తియోఫిస్ మహాశయులారా! మూడు క్రమములుగ విభజింపబడిన మీకు మ్రొక్కి ఈ కథ చెప్పెదను.

రణరంగమున ప్రవేశించిన వీరనారి దేవకుమారి. నిరుడు ఇదే పరీక్షలో రెండే రెండు మార్కులకు నేలకూలినది. పొద్దున చద్దన్నము పెట్టుచు తల్లి వెంకటేశ్వరమ్మ శాసనము వినిపించెను: "ఇదే ఆఖరుసారి అమ్మాయ్. మళ్ళీ తప్పావా, రేపణ్ణించి నాతో కళ్లానికొచ్చి మిరపల్లో తాలుకాయలు ఏరడమే."

ఆ కళాశాలయందొక ఘనసంప్రదాయము గలదు. ఫార్మలినులో ఊరుచున్న జంతువును చూచి పేరు వ్రాయుట అచటి విధము గాదు. సీసాను చూచి వ్రాయవలెను. హార్లిక్స్ సీసాలోనిది ఇక్తియోఫిస్, సొట్టమూత సీసాలోనిది గోదురుకప్ప. లెక్చరర్ యలమందగారు పదేండ్లుగ ఇట్లే బోధించి తొంబదితొమ్మిది శాతము ఫలితములు సాధించిరి. తక్కువైన ఆ ఒక్క శాతమే మన నాయిక.

కాని బయటినుండి పరీక్షకుడు వచ్చుచున్నాడని విని, శుభ్రతావ్రతధారియగు అటెండరు మాబు సాహెబ్ ఆ ఉదయము సీసాలన్నియు తోమి, కొత్త ఫార్మలిను పోసి, చేతికందిన ప్రాణిని చేతికందిన సీసాలో వేసెను.

గంట మ్రోగెను. ముప్పదిమంది లేఖినీశూరులు హార్లిక్స్ సీసా ముందు నిలిచి, అందు నాలుగు కాళ్లు చాపుకొనియున్న గోదురుకప్పను కన్నులార కాంచుచు, "ఇక్తియోఫిస్. కాళ్లుండవు" అని నిస్సంకోచముగ లిఖించిరి. దేవకుమారియు "కాళ్లు" వరకు వ్రాసి ఆగెను. ఆ గరుకు చర్మము, కంటి వెనుక ఉబ్బిన విషగ్రంథి! వాన పడినపుడెల్ల తమ ఇంటి నీళ్లగాబు పక్కన చేరునదే గదా ఇది! సీసాను నమ్మవలెనా, కన్నులనా? కలము ఝళిపించి కొట్టివేసి వ్రాసెను: "బ్యూఫో. తోకలేని ఉభయచరము."

వెనుకనుండి యలమందగారు తొంగిచూచి గర్జించిరి. "ఏందమ్మాయ్ ఇది? హార్లిక్స్ సీసా అంటే ఏంటని చెప్పాను?"

"కాళ్లున్నాయి సార్."

"పదేళ్లనించీ లేవు. ఇయ్యాల ఎక్కణ్ణించొచ్చాయి?"

అపుడా వీరాంగన, కళ్లపు ఎండలను, తాలుకాయల గుట్టలను, తల్లి మాటను ఒక్కసారి తలచుకొని, గోడౌను రేకులదరునట్లు సింహనాదము చేసెను.

"లెక్కపెట్టుకోండి సార్!"

పరీక్షకుడు మొహిద్దీన్ బాషాగారు తుమ్ముచు లేచి, సీసాను కిటికీ వెలుగునకెత్తి, వ్రేలితో లెక్కించిరి. "ఒకటి, రెండు, మూడు... నాలుగేనండీ యలమందగారూ."

యలమందగారు గొంతు తగ్గించి, "మరి మిగతా ముప్పైమంది సంగతేంటండీ?" అనిరి.

"ముప్పైమందికీ సున్నా వేస్తే పైవాళ్లు మళ్ళీ పరీక్ష పెట్టమంటారు, మళ్ళీ నేనే రావాలి. ఈ మిరపఘాటు నావల్ల కాదు. అందరికీ రెండేసి వేసెయ్యండి," అని పలికి మహానుభావుడు మరియొకమారు తుమ్మెను.

ఇట్లు కాళ్లున్నవన్న వీరనారికిని, లేవన్న ముప్పదిమందికిని సమానముగ కీర్తి లభించెను. ఐనను తక్కినవారు ఆ రెండు లేకున్నను గట్టెక్కువారే; ఆ రెండు మార్కులతోనే గట్టెక్కినది దేవకుమారి యొక్కతెయే. తాలుకాయలు ఏరువారిలో ఒకరు తగ్గిరి. జయము! జయము! నాలుగు కాళ్లకు రెండు మార్కులు, అనగా కాలికి అరమార్కు చొప్పున, సంపూర్ణ విజయము!

మరునాడు యలమందగారు జూనియర్ల తరగతిలో బోర్డుపై తప్పు సరిదిద్దిరి: "హార్లిక్స్ సీసా — గోదురుకప్ప." తలయెత్తి సీసా వైపు చూడకయే అందరును వ్రాసికొనిరి.