పచ్చ బొటనవేలు

ఇంటింటికీ తిరిగే నర్సమ్మ బెడద వదిలినందుకు సంతోషించనివాడు అభివృద్ధికి శత్రువు! ఊరికే నోరు పారేసుకోవడం లేదు. మా వంశంలో డిగ్రీ పట్టా ముఖం చూసిన మొదటివాణ్ణి. ఆచితూచి అంటున్నాను.

ఒకప్పుడు ఏ ఇంట పురుడొచ్చినా నర్సమ్మ సంచీ తగిలించుకుని దిగిపోయేది. పిలవకుండా! చేతులు కడుక్కుని సరాసరి బాలింత మంచం మీదే కూర్చునేది. పసివాణ్ణి కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి కళ్ళలో కామెర్ల పచ్చదనం వెతికేది. "కంటినిండా నిద్రపోతున్నావా అమ్మాయ్? ఇంట్లో ఎవరైనా కసురుతున్నారా?" అని అడిగేది. అదీ కసిరేవాళ్ళ ఎదుటే! ఇంటిగుట్టు ఏమైపోవాలండీ?

ఇప్పుడు బాలింత వివరాలు ఇంట్లోవాళ్ళే ఫోనులో నింపే యాప్ వచ్చింది. ఆ అంకెలు చూసుకోమని నర్సమ్మను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. యాప్‌కి కుర్చీ వెయ్యక్కర్లేదు, మంచినీళ్ళివ్వక్కర్లేదు. అన్నిటికన్నా మించి, అది మన ముఖం చూడదు!

మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. "చదువుకున్నవాడివి, నువ్వే నింపరా" అని అమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. నలభై రెండు ప్రశ్నలు! పరీక్ష రాసినట్టే రాశాను. "బిడ్డ ఏడుస్తున్నాడా?" అవును. ఎందుకేడుస్తున్నాడో యాప్ అడగలేదు. ఎంత మర్యాద!

తొమ్మిదో రోజున "తల్లి బరువు పెరిగిందా?" అని అడిగింది. అబద్ధం రాయకూడదు కదా! ఎదురింటి టైలరు దగ్గర తూకం మిషను అరువు తెచ్చి రెండుసార్లు తూచాను. అయిదో రోజున పురిటి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చీటీలో రాసిన బరువు మీద, నాలుగు రోజుల్లో మూడు కిలోలు!

అమ్మ మురిసిపోయింది. "చూశావురా నా చేతి వంట? పిల్ల ఒళ్ళు చేసింది!"

"అమ్మా, తల పగిలిపోతోందే" అంది చెల్లెలు.

"చంటాడితో నిద్రలేకపోతే తలనొప్పి నీకు కాక నాకొస్తుందా?"

యాప్‌లో తలనొప్పికి గడి లేదు. గడి లేని జబ్బు మనిషికెలా వస్తుంది? "పెరిగింది" నొక్కి, అంకె కొట్టాను. వెంటనే పచ్చటి బొటనవేలు ఒకటి ఠక్కున పైకి లేచింది. "అభినందనలు! తల్లి ఆరోగ్యం భేష్!" ఫస్ట్ క్లాసులో పాసైనంత ఆనందం వేసింది నాకు.

మర్నాడు భోజనాల వేళకి నర్సమ్మ రొప్పుతూ వచ్చింది. మళ్ళీ పిలవకుండానే!

"తమ్ముడూ, మూడు కిలోలని కొట్టావు. అంకె తప్పా?"

నా చదువునే శంకించింది! "రెండుసార్లు తూచానండీ" అన్నాను.

"అయితే పక్కకి జరుగు."

చెల్లెలి కాలి మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కి తీసింది. తడిమట్టిలో అడుగు పడ్డట్టు గుంట అలాగే ఉండిపోయింది. సంచీలోంచి బీపీ మిషను తీసి చూసింది. నర్సమ్మ ముఖం మారిపోయింది.

"పిన్నిగారూ, పిల్ల ఒళ్ళు చెయ్యలేదు. ఒంటికి నీరు పట్టింది. బీపీ ఎక్కడికో పోయింది. పురుడయ్యాక కూడా ఇలా వస్తుంది. ఫిట్స్ రాకముందే ఆసుపత్రిలో ఉండాలి. తమ్ముడూ, ఆటో!"

ఆసుపత్రిలో అయిదు రోజులున్నాక చెల్లెలు నవ్వుతూ ఇంటికొచ్చింది. "సాయంత్రం దాకా ఆగి ఉంటే..." అని మొదలుపెట్టిన డాక్టరుగారు, అమ్మ ముఖం చూసి ఆ మాట మింగేశారు.

పని వేళల్లో సీటు వదిలి వెళ్ళినందుకు నర్సమ్మకు మెమో ఇచ్చారు. ఇవ్వరా మరి? క్రమశిక్షణ అక్కర్లేదా?

నేనిప్పటికీ యాప్ పక్షమే. నిన్న "సూచనలు" అనే గడి కనిపిస్తే, బాధ్యత గల పట్టభద్రుడిగా ఒక్కటే రాశాను: "అయ్యా, మీ బొటనవేలు చాలా అందంగా ఉంది. కాకపోతే ఎప్పుడు చూసినా గాల్లోనే ఉంటోంది. దయచేసి దాన్ని ఒక్కసారి కిందికి దించి, ఏ బాలింత కాలిమీదైనా నొక్కి చూడమనండి."

పచ్చ బొటనవేలు మళ్ళీ పైకి లేచింది.